సగం ఇవ్వడం మనిషి సహజ గుణమేనా?

ఒకరి చేతికి కొంత డబ్బిచ్చి, ముక్కూమొహం తెలియని మరొకరితో పంచుకోమంటారు. ఎంత ఇవ్వాలో మొదటి వ్యక్తి ఇష్టం. రెండో వ్యక్తి సరేనంటే పంపకం ఖాయం, కాదంటే ఇద్దరికీ సున్న. పరిశోధకులు 1982 నుంచి ఆడిస్తున్న ఈ ఆట పేరు అల్టిమేటం గేమ్. ఊరికే వచ్చే సొమ్ము కాబట్టి ఒక్క నాణెం ఇచ్చినా పుచ్చుకోవడమే లాభం. కానీ పారిశ్రామిక దేశాల విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎక్కువగా సగానికి దగ్గరగా ఇచ్చారు. మరీ తక్కువ ఇస్తే, అవతలివారు తమకూ నష్టమని తెలిసే తిరగ్గొట్టారు. ఇదే మానవ స్వభావం అనుకోవడం తేలికే. మనస్తత్వశాస్త్రం చాలాకాలం అలాగే అనుకుంది కూడా.

1990లలో జోసెఫ్ హెన్రిక్ అనే మానవశాస్త్రవేత్త ఈ ఆటను పెరూ దేశపు అమెజాన్ అడవుల్లో మాచిగెంగా ప్రజలతో ఆడించాడు. వారు సగటున 26 శాతమే ఇచ్చారు. అసలు విశేషం, అంత తక్కువ వాటాను కూడా దాదాపు ఎవరూ కాదనలేదు. పంచే వంతు తమకు రాకపోవడం దురదృష్టం అనుకున్నారే తప్ప, అన్యాయం జరిగిందని అలగలేదు.

దాంతో పరిశోధకులు మొత్తం 15 చిన్న సమాజాల్లో ఈ ఆట ఆడించి చూశారు. ఇండోనేషియాలోని లమలెరా వాసులు సగటున సగానికి మించి ఇచ్చారు. వారిది తిమింగలాల వేట. పడవ నిండా మనుషులు కలిసి వెళ్తే తప్ప అది సాగదు, మాంసంలో ఎవరి వాటా ఎంతో కట్టుబాట్లే చెబుతాయి. మాచిగెంగాలు చాలావరకు ఏ కుటుంబానికి ఆ కుటుంబంగా బతుకుతారు. పాపువా న్యూగినీలోని ఔ, గ్నౌ ప్రజల తీరు మరీ వేరు. సగానికి మించి ఇచ్చినా కొందరు వద్దన్నారు! అక్కడ కానుక పుచ్చుకుంటే ఎప్పటికైనా తీర్చవలసిన రుణం మీద పడినట్టే. మరి పెద్ద కానుకను చూసి జంకడం వింతేమీ కాదు.

వీరు పిసినారులు, వారు ఉదారులు అనేయడం తొందరపాటు. ఒక సమాజంలో ఎవరు ఎంత ఇస్తారో వారి వయసును, ఆస్తిని బట్టి చెప్పడం కుదరలేదు. సమాజాల మధ్య తేడాలను మాత్రం రెండు విషయాలు బాగానే వివరించాయి. బతుకుతెరువుకు ఇంటివారిని దాటి ఇతరులతో ఎంతగా కలవాలన్నది ఒకటి. సంతలో క్రయవిక్రయాలు ఎంత సాగుతాయన్నది రెండోది. వ్యాపారం మనిషిని స్వార్థపరుణ్ణి చేస్తుందని నమ్మేవారికి ఈ రెండోది మింగుడుపడదు. సంతతో పరిచయం ఎక్కువగా ఉన్న సమాజాలే పరాయివారికి ఎక్కువ వాటా ఇచ్చాయి.