డబ్బాలో దాగిన కొసరు

హనుమకొండ

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీలో చిన్నది నన్ను ఒక ప్రశ్న అడిగింది: “తాతా, లబూబు బొమ్మ ఏ రంగుదో ముందే చూపించి అమ్మొచ్చు కదా, డబ్బాల దాచి అమ్ముడెందుకు?” కుందేలు చెవులు, కోరపళ్లు ఉన్న ఆ చిన్న బొమ్మను చూసి ముఖం చిట్లించుకున్న పెద్దలు చాలామందే ఉన్నారు గాని, ఈ ప్రశ్న వేసినవారు నాకు ఎదురుకాలేదు. దీనికి మనస్తత్వ శాస్త్రంలో పెద్ద పెద్ద జవాబులున్నాయి. వాటి జోలికి నేను పోను. మీ నాయనమ్మ వెంట సంచి పట్టుకొని లక్ష్మీపురం కూరగాయల మార్కెట్‌కు తిరిగిన అనుభవం ఒక్కటి నాకు చాలు.

అక్కడ కాంటా మీద టమాటాలు కిలో తూగిన తరువాత, అమ్మే ఆమె సంచి వెంటనే అందించదు. ఒక్క క్షణం ఆగి, పక్క కుప్పలోకి చెయ్యి పోనిచ్చి, పిడికిలి మూసి తెచ్చి సంచిలో వేస్తుంది. చూడబోతే అందులో ఉండేవి నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెమ్మ. డబ్బు పెట్టి కొన్న టమాటాలకు రాని వెలుగు ఆ రెమ్మకు మీ నాయనమ్మ ముఖంలో వస్తుంది. తరువాతి వారం పక్క కుప్ప దగ్గర ధర తక్కువ పలుకుతున్నా ఆమె కాళ్లు ఈమె దగ్గరికే నడుస్తాయి. దీనినే మనం కొసరు అంటాం. కంపెనీలు చేసిందల్లా ఈ కొసరును డబ్బాలో పెట్టి మూత బిగించడమే.

ఈ పని మొదట బొమ్మలతో కాదు, పొగాకుతో మొదలైంది. 19వ శతాబ్దం చివరి రోజుల్లో అమెరికాలో సిగరెట్లను మెత్తని కాగితపు పెట్టెల్లో అమ్మేవారు. అవి జేబులో నలిగిపోకుండా ఉండటానికి లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. ఆ ముక్క ఖాళీగా ఎందుకు ఉండాలన్న ఆలోచన ఎవరికో వచ్చింది. దానితో అలెన్ అండ్ జింటర్ వంటి కంపెనీలు ఆ అట్టల మీద ఆటగాళ్లను, నటీమణులను, పక్షులను అచ్చువేసి, ఇన్ని బొమ్మలు పోగుచేస్తేనే వరుస పూర్తవుతుందని ఆశపెట్టాయి. తండ్రులు సిగరెట్లు కాల్చడం, పిల్లలు అట్టలు పోగుచేయడం మొదలుపెట్టారు. హోనస్ వాగ్నర్ అనే గొప్ప బేస్‌బాల్ ఆటగాడు 1909లో వచ్చిన తన బొమ్మను ఆపించాడు. పిల్లలు తన కోసం పొగాకు కొనడం ఇష్టంలేక ఆపించాడని కొందరు, తనకు డబ్బు ఇవ్వనందుకు ఆపించాడని మరికొందరు చెబుతారు. మొదటి మాటే నిజమని నమ్మడం నాకు ఇష్టం. అయితే ఆపించడం వల్లనే ఆ అట్ట అరుదైపోయింది, 2022లో అలాంటి ఒక్క అట్ట 72 లక్షల డాలర్లకు పైగా ధర పలికింది.

ఇది చదివి నవ్వకండి. మేమూ చిన్నప్పుడు బస్టాండు చుట్టుపక్కల ఖాళీ సిగరెట్ పెట్టెలు ఏరుకొచ్చి, వాటి అట్టలు చింపి పందెం ఆడేవాళ్లం. హైదరాబాదులో తయారయ్యే చార్మినార్ పెట్టె ఎక్కడ పడితే అక్కడ దొరికేది కాబట్టి దానికి మా ఆటలో విలువ లేదు. ఏ పట్నపు ప్రయాణికుడో పారేసిన తెలియని పెట్టె దొరికిన పిల్లవాడు ఆ వారమంతా మా గల్లీకి దొర.

తరువాత తినుబండారాల వంతు వచ్చింది. బెల్లపు పాకం వంటి దానిలో మొక్కజొన్న పేలాలను, పల్లీలను కలిపి క్రాకర్ జాక్ అనే పేరుతో అమ్మే అమెరికా కంపెనీ ఒకటి 1912 నుంచి ప్రతి డబ్బాలో ఒక చిన్న బహుమతి పెట్టసాగింది. పేలాలు అందరి దగ్గరా దొరికేవి, బహుమతి మాత్రం ఈ డబ్బాలోనే దొరికేది.

మా కాలానికి ఈ కొసరు పళ్లు తోముకునే పేస్టులో కలిసి వచ్చింది. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను తగ్గించివేసినప్పుడు, శ్రోతలు సిలోన్ రేడియో వైపు తిరిగారు. అదే ఏడాది అక్కడ బినాకా అనే పేస్టు పేరు మీద బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం మొదలైంది. బుధవారం రాత్రి దానిని నడిపే అమీన్ సయానీ గొంతు వినిపిస్తే, హిందీ సగమే అర్థమయ్యే మా వాడకట్టు కూడా చెవులు రిక్కించేది. ఆలోచిస్తే ఆ పాటలు కూడా పేస్టుకు కొసరే. అది చాలదన్నట్టు పేస్టు పెట్టెలో వేలి కణుపంత ప్లాస్టిక్ జంతువు ఒకటి ఉండేది: ఏనుగో, ఒంటెయో, కుందేలో. మా ఇంట్లో వేపపుల్ల, బొగ్గుపొడి తప్ప పేస్టు ముఖం ఎరుగము. ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసే ఒకాయన మా పక్క ఇంట్లో ఉండేవాడు. వారింటికి నెలనెలా పేస్టు వచ్చేది. ఆయన కొడుకు నాకు జతగాడు. నా గోటీలు ఇచ్చి వాని దగ్గర ఒక ఒంటెను సంపాదించాను. దానిని వెలుతురుకు ఎత్తి చూస్తే మూపురం దగ్గర పల్చబడి, ఎర్రని రంగులోంచి సూర్యుడు కనిపించేవాడు.

వానికి అప్పటికే కుందేళ్లు రెండు వచ్చాయి, ఏనుగు రాలేదు. కొత్త పెట్టె రావాలంటే పాత పేస్టు అయిపోవాలి గనుక, మిల్లు కూత పడి పెద్దవాళ్లు బయలుదేరగానే మేమిద్దరం ఇంటి వెనక గోడకు చేరి, ట్యూబును తోక నుంచి మెడ దాకా చుట్టి, పేస్టునంతా ఇటుకల సందుల్లోకి పిండేశాం. ఆ గోడ కొన్నాళ్లపాటు సున్నం వేసినట్టు తెల్లబడి ఘుమఘుమలాడింది. వాళ్లమ్మ మాకు చేసిన బడితపూజ గురించి వేరే రాయనక్కరలేదు. నేను చెప్పదలచింది ఏమిటంటే, కరివేపాకు కోసం టమాటాలను కాలువలో పారబోసే స్థితికి ఆ ఉదయమే చేరుకున్నాం.

సరిగ్గా ఇదే పని తరువాత ఒక కంపెనీ తానే చేసింది. అమెరికాలో టాప్స్ అనే కంపెనీ 1950ల నుంచి బబుల్‌గమ్‌తో పాటు ఆటగాళ్ల బొమ్మల కార్డులు అమ్మేది. పిల్లలు ఆ కార్డులను ఎంత భద్రంగా దాచుకోసాగారంటే, గమ్ మరక అంటితే కార్డు విలువ పడిపోతుందన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. 1990ల ఆరంభంలో కంపెనీ గమ్‌నే తీసివేసింది. టమాటాలు మానేసి కరివేపాకుకే ధర కట్టిన కథ ఇది.

దీనికి ముందే, 1975లో, ఇంకా వింత జరిగింది. కాలిఫోర్నియాలో గ్యారీ డాల్ అనే ప్రకటనల రచయిత మామూలు గులకరాళ్లను గడ్డి పరిచిన అట్టపెట్టెలో పడుకోబెట్టి, ఊపిరాడటానికి పెట్టెకు రంధ్రాలు చేసి, “పెంపుడు రాయి” అని పేరుపెట్టి, దానిని ఎలా సాకాలో చెప్పే చిన్న పుస్తకంతో సహా దాదాపు నాలుగు డాలర్లకు అమ్మాడు. పది లక్షలకు పైగా రాళ్లు అమ్ముడుపోయాయి. కొద్ది నెలలకే ఆ పిచ్చి చల్లారింది. పద్మాక్షి గుట్ట చుట్టూ ఇన్ని బండల మధ్య పుట్టి పెరిగిన మనకు ఆ తెలివి రాలేదని మీ నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. అక్కడ అసలూ లేదు, కొసరూ లేదు. జనం కొన్నది ఆ పుస్తకంలోని హాస్యాన్ని.

ఇప్పుడు మీ లబూబు దగ్గరికి వద్దాం. దానిని కాసింగ్ లుంగ్ అనే చిత్రకారుడు 2015లో తన బొమ్మల కథల కోసం గీశాడు. 2019 నుంచి చైనాకు చెందిన పాప్ మార్ట్ కంపెనీ దానిని బొమ్మగా అమ్ముతోంది. 2024లో లీసా అనే థాయి గాయని దానిని తన సంచికి వేలాడదీసుకొని కనిపించాక ప్రపంచమంతా ఎగబడింది. 2025 జూన్‌లో బీజింగ్‌లో నాలుగడుగులకు పైగా ఎత్తున్న లబూబు ఒకటి వేలంలో 10 లక్షల యువాన్లకు పైగా పలికింది. ఈ డబ్బాలో పేస్టూ లేదు, పేలాలూ లేవు. కొసరు ఒక్కటే ఉంది, అదీ ఏ కొసరో తెలియదు. మార్కెట్ ఆమె రెమ్మను దాచదు కదా అని మీరు అడగవచ్చు. దాచదు గాని, పిడికిలి మూసే తెస్తుందని ముందే రాశాను. ఆ పిడికిలి విప్పేలోపు ఉండే క్షణం ఉందే, దానినే వీళ్లు విడిగా అమ్ముతున్నారు. బొమ్మ చేతికి వచ్చాక కలిగే సంతోషం కంటే పొర చించేటప్పటి గుండెదడ ఎందుకు తియ్యగా ఉంటుందో వివరించడం మొదలుపెడితే ఈ ఉత్తరం ముగియదు. ఒంటెను చేతిలో పట్టుకొని ఏనుగు కోసం గోడకు పేస్టు పూసినవాణ్ని, నాకు ఇప్పటికీ అది అబ్బురమే.

చైనా ప్రభుత్వం 2023లో ఇలాంటి డబ్బాలను 8 ఏళ్లలోపు పిల్లలకు అమ్మరాదని, ఏ బొమ్మ ఎన్నింటికి ఒకటి వస్తుందో ముందే చెప్పాలని మార్గదర్శకాలు ఇచ్చింది. లబూబు వరుసల్లో కొన్నింటికి “రహస్య బొమ్మ” 72 డబ్బాలకు ఒకటి చొప్పున అని రాసి ఉంటుంది. ఆ మాట చదివిన వెంటనే, 72 కొంటే ఒకటి తప్పకుండా వస్తుందని మనసు లెక్క కడుతుంది.

అది ఎంతవరకు నిజమో మీరే చూడండి. నాయనమ్మ చింతపండు ఒలిచేటప్పుడు 72 చింతగింజలు అడిగి తీసుకోండి. ఒకదానిని బండకు అరగదీసి గుర్తుపెట్టండి. అన్నింటినీ గుడ్డ సంచిలో వేసి, కళ్లు మూసుకొని ఒక గింజ తీయండి, చూసి మళ్లీ సంచిలోనే వేసి కలపండి. ఒక్కొక్కరు 72 సార్లు తీయండి, వాడకట్టు పిల్లలను కూడా కూర్చోబెట్టండి. సుమారు ముగ్గురిలో ఒకరికి అరగదీసిన గింజ ఒక్కసారి కూడా రాదు. ఎవరికి ఎన్నోసారి వచ్చిందో, ఎవరికి అసలే రాలేదో నోటుబుక్కులో వరుసగా రాసి, ఆ కాగితం నాకు పంపండి. గింజలను మాత్రం నాయనమ్మకు తిరిగి ఇవ్వండి, అష్టాచెమ్మాకు గవ్వల బదులు అవే వాడుతుంది.

ఆశీస్సులతో,
మీ తాత