చిట్టీ పాట వెనక ఉన్న పాత కథ

విజయవాడలో ఎవరో చిట్టీల డబ్బుతో ఉడాయించారనో, గుంటూర్లో ఫలానా ఆవిడ ఐపీ (దివాలా పిటిషన్) పెట్టిందనో పేపర్లో పడ్డప్పుడల్లా జనం అడిగేది ఒక్కటే, వీధికో బ్యాంకు ఉండగా వీళ్ల దగ్గర ఎందుకు కట్టారంటా అని. ఆ ప్రశ్నకి సమాధానం చాలా వెనక నుంచి వస్తది.

ముందు లెక్క చూద్దాం. 20 మంది, తలా నెలకి 5,000, లక్ష చిట్టీ, నెలకొకరు పాటలో (అంటే వేలంలో) ఎత్తుకుంటారు. మూడో నెల ఎవరికో పెళ్లి ఖర్చో కాలేజీ ఫీజో మీదపడి 20,000 తగ్గించి పాడితే చేతికి 80,000 వస్తాయి, తగ్గించిన దాంట్లో 5,000 నడిపేవాళ్ల కమీషన్ పోను మిగతా 15,000 తలా 750 చొప్పున పంచుతారు, అంటే ఆ నెల ఒక్కొక్కరు 4,250 కడితే చాలు. ముందు ఎత్తినవాళ్లకి ఇది అప్పు, ఆఖరిదాకా ఆగినవాళ్లకి పొదుపు. సిబిల్ స్కోరు ఊసే ఉండదు, మీ వాళ్లు ఎవరో తెలిస్తే చాలు.

ఇలాంటిది మనకే ఉందనుకోవద్దు. జపాన్‌లో కామకుర కాలం (సుమారు 1185–1333) నుంచే ముజిన్ అని ఉంది, అది పెరిగి వ్యాపారం అయిపోతే 1915లో దానికో చట్టం తెచ్చారు, 1951 చట్టంతో ఆ కంపెనీలు సోగో (పరస్పర సహాయ) బ్యాంకులుగా మారాయి. పశ్చిమ ఆఫ్రికాలో యొరుబా వాళ్ల ఎసుసు బానిసలుగా పట్టుకెళ్లిన మనుషులతో పాటే కరీబియన్ దీవులకి చేరింది, 1948 తర్వాత జమైకా నుంచి ఇంగ్లండ్ వెళ్లినవాళ్లకి అక్కడి బ్యాంకులు లోన్ ఇవ్వకపోతే ఇలాగే వంతులవారీగా డబ్బు పోగేసుకుని ఇళ్లు కొనుక్కున్నారు. ఇథియోపియా ఎకుబ్, మెక్సికో తాందా కూడా ఈ కుటుంబమే, కాకపోతే వాటిల్లో ఎక్కువగా లాటరీ లేదా వంతు, మనలాగా పాట కాదు. క్లిఫర్డ్ గీర్ట్జ్ అనే ఆంత్రోపాలజిస్ట్ 1962లో ఇదంతా మధ్యలో మెట్టు, బ్యాంకులొస్తే పోయేదే అన్నట్టు రాశాడు. పోలా.

మన దేశంలో చట్టం ముందు కేరళ వైపు గట్టిగా పట్టుకుంది. ట్రావెన్‌కోర్ చిట్టీల చట్టం 1945ది, 1969లో అయితే ప్రభుత్వమే త్రిస్సూర్‌లో కేఎస్‌ఎఫ్‌ఈ అనే సొంత ఫైనాన్స్ సంస్థ పెట్టి స్వయంగా చిట్టీలు నడపడం మొదలెట్టింది (మన దగ్గర ఆ ఆలోచన ఎవరికీ ఎందుకు రాలేదో). మద్రాసు చట్టం 1961లో వచ్చింది గానీ మనం 1953లోనే ఆ రాష్ట్రం నుంచి విడిపోయాం కాబట్టి అది మనకి వర్తించలా, ఆంధ్రప్రదేశ్ సొంత చట్టం వచ్చేసరికి 1971 అయింది, దేశం మొత్తానికీ కేంద్ర చట్టం 1982లో. దీని ప్రకారం ముందు పర్మిషన్ తీసుకోవాలి, చిట్టీని రిజిస్టర్ చేయాలి, చిట్టీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ కట్టాలి. 2019 సవరణతో కమీషన్ పరిమితి 5 శాతం నుంచి 7కి పెంచారు.

నన్నడిగితే గొడవంతా ఈ రెండు లోకాల మధ్య సందులో ఉంది. పాత పద్ధతికి మనిషి తెలిసుండటమే హామీ, కొత్త పద్ధతికి డిపాజిట్టూ కాగితమూ హామీ. అపార్ట్‌మెంట్‌లో పదిహేను మందితో నడిపే ఆవిడకి అందరి ఇళ్లల్లో సంగతులూ తెలుసు, అదే ఆవిడ ఎనిమిది చిట్టీలు పెట్టి, తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లని కూడా చేర్చుకుని, ఒక చిట్టీ డబ్బు ఇంకో చిట్టీకి సర్దడం మొదలెట్టాక పరిచయం మిగల్దు, కాగితమూ ఉండదు. ఐపీ పడిందంటే, అదీ 1920 నాటి దివాలా చట్టం కిందే, చిట్టీ ఇంకా ఎత్తనివాళ్ల చేతిలో పెన్నుతో రాసిన చిన్న పుస్తకం తప్ప చూపించడానికి ఏమీ ఉండదు.

పోనీ రిజిస్టర్ చేయించుకోమందామా అంటే, వ్యక్తిగా నడిపేవాళ్లు అన్ని చిట్టీలూ కలిపి లక్షలోపే ఉంచాలని ఉండేది, 2019లో దాన్ని 3 లక్షలు చేశారు. మన వీధుల్లో ఐదు లక్షల చిట్టీ మామూలు విషయం, అంటే ఒంటరి మనిషి అలాంటిది ఒక్కటి కూడా చట్టప్రకారం నడపలేడు.