గునపం ఎందుకు వద్దంటే

పిల్లలూ,

అమెరికాలో జార్జి వాషింగ్టన్ చిన్నప్పుడు పెరిగిన ఇంటి చోట కాలేజీ పిల్లలు బుల్లి తాపీలతో మట్టి గీకుతున్న వీడియో చూసి, "ఇలాగైతే ఎప్పటికయ్యేను తాతయ్యా, గునపంతో తవ్వేస్తే పోదా?" అని అడిగారు కదా.

మన మండువా లోగిలిలో స్తంభానికి మా నాన్నగారు ఒక వంకీ తీగ వేలాడదీశారు. వచ్చిన ఉత్తరం చదివి దానికి గుచ్చేసేవారు. అడుగున ఉన్నది అన్నిటికన్నా పాతది, పైనున్నది నిన్నటిది. మనుషులు బతికిన నేల కూడా ఆ తీగే. పగిలిన కుండ, పిల్లల గోళీ, తిని పారేసిన ఎముక, అన్నీ ఒకదాని మీద ఒకటి చేరతాయి. ఆ కాలేజీ పిల్లలు పై ఉత్తరం నుంచి ఒక్కొక్కటే తీస్తూ, ఏది దేని కింద ఉందో రాసుకుంటారు, పూస కూడా తప్పిపోకుండా మట్టినంతా జల్లెడ పడతారు. గునపం వేశారో, తీగ తెంపి ఉత్తరాలన్నీ కింద పోసినట్టే, ఏది ముందో ఏది వెనకో ఇంకెవరూ చెప్పలేరు. నాణెం దొరికితే పోస్టాఫీసు ముద్ర ఉన్న ఉత్తరం దొరికినట్టు. మన చిల్లు కాణీ 1943లో మొదలైంది, కాబట్టి అది ఉన్న పొర అంతకుముందుది కాదు.

మనకైతే గోదావరే ముద్ర వేస్తుంది. 1953 వరదకి నేను పలక పట్టే వయసువాణ్ణి. నీళ్లు తీశాక మండువా నిండా మెత్తటి ఒండ్రు, మేం అందులో గెంతుతుంటే మా నాయనమ్మ మాత్రం ఆ బురదంతా చేత్తో పిసుకుతూ తన ఇత్తడి ఉగ్గుగిన్నె దొరికేదాకా లేవలేదు. ఆ ఒండ్రు కొబ్బరితోటలో ఇంకా ఉంటుంది. తర్వాత ఎవరూ గొయ్యి తీయని చోట, దాని కింద దొరికేవన్నీ ఆ వరదకి ముందువే. నాయనమ్మకి రాయడం రాదు, నాన్నగారి తీగకి ఆమె ఉత్తరం ఒక్కటీ లేదు.

వాషింగ్టన్ ఆరేళ్లప్పుడు, 1738లో, అక్కడికొచ్చాడు. తర్వాత ఇల్లు ఆనవాల్లేకుండా పోయింది, ఏళ్లపాటు తవ్వాక 2008లో ఇదే ఆ ఇల్లని ప్రకటించారు. అక్కడ బానిసలుగా బతికినవాళ్ల గురించి కాగితాల మీద ఉన్నది బహు తక్కువ, వాళ్ల సంగతి చెప్పాల్సింది ఆ మట్టే. అందుకే గునపం వద్దు. మీరూ ఏ పాత ఇంటి దగ్గరా సరదాకి తవ్వకండి.

ఈసారి లంకకి వెళ్లేటప్పుడు, గోదావరి ఒడ్డు కోసేసిన చోట, పడవలోంచే చూడండి, దగ్గరికి వెళ్తే గట్టు విరిగి పడుతుంది. ఇసుక చార, ఒండ్రు చార, మళ్లీ ఇసుక. ఏది మందంగా ఉందో బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య