న్యూఫౌండ్‌లాండ్ రోడ్ల మీదికి మూస్ ఎలా వచ్చింది?

కెనడా తూర్పు కొసన, అట్లాంటిక్ సముద్రంలోని న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలో రాత్రిపూట కారు నడిపేవారికి పెద్ద భయం మూస్. దుప్పుల కుటుంబంలో ఇదే అతి పెద్దది. దీని వల్ల అక్కడ ఏటా వందలాది రోడ్డు ప్రమాదాలు జరుగుతున్నాయి. పొడవాటి కాళ్ల మీద నాలుగైదు క్వింటాళ్ల దేహం. హెడ్‌లైట్ల వెలుగు కాళ్ల దగ్గరే ఆగిపోతుంది, ముదురు రంగు ఒళ్లు చీకట్లో కలిసిపోతుంది. కారు కాళ్లకు తగలగానే ఆ బరువంతా ముందు అద్దం మీద కూలుతుంది.

నిజానికి మూస్ ఆ దీవిది కాదు. అక్కడ అనాదిగా మేసిన పెద్ద జంతువు కారిబూ అనే దుప్పి ఒక్కటే. స్థానికులకు మాంసం దొరుకుతుందని, వేటకు బయటివారూ వస్తారని ఆశపడి 1878లో నోవా స్కోషియా నుంచి ఒక జంటను తెచ్చి గాండర్ బే వద్ద వదిలారు. 1904లో న్యూ బ్రన్స్‌విక్ నుంచి మరో నాలుగింటిని హౌలీ దగ్గర విడిచారు. ఇప్పుడు వాటి సంఖ్య లక్ష దాటింది.

ఇంతగా పెరగడానికి మనుషులే ఇంకో దారీ తెరిచారు. మూస్‌ను అదుపులో ఉంచగల తోడేళ్లు మనుషుల వల్ల 1930 నాటికి ఆ దీవిలో అంతరించాయి. ఎలుగుబంట్లు దూడలను పట్టినా, ఎదిగిన మూస్‌ల జోలికి వెళ్లేది తక్కువ. 1935లో లైసెన్సు వేట మొదలైంది. నేటికీ చాలా ఇళ్లలో చలికాలపు కూర మూస్ మాంసమే, కాబట్టి అక్కడివారు దాన్ని కేవలం శత్రువుగా చూడరు. ఈ సంగతి మరచి మాట్లాడటం అన్యాయం.

అడవికి జరిగిన నష్టం మాత్రం ఆలస్యంగా కళ్లబడింది. చలికాలంలో మూస్‌కు బాల్సమ్ ఫర్ అనే సూదాకుల చెట్టు మొక్కలే ముఖ్య ఆహారం. 1973లో ఆ దీవిలోనే ఏర్పడిన గ్రోస్ మోర్న్ జాతీయ పార్కులో వేటపై నిషేధం ఉండేది. పురుగుల దాడికి పెద్ద చెట్లు చచ్చిన చోట లేత మొక్కలు ఎదగకముందే మేతకు పోయాయి, అడవి గడ్డిమైదానంగా మారసాగింది. చివరికి 2011లో పార్కులోనూ వేటకు అనుమతించారు. జంతువులను కాపాడేందుకు పెట్టిన నియమాన్ని అడవిని కాపాడేందుకు సడలించాల్సి వచ్చింది. నా దృష్టిలో ఆ నిర్ణయం సరైనదే.

అదే ఏడాది ప్రమాద బాధితులు ప్రభుత్వంపై ఉమ్మడి దావా వేశారు. 2014లో కోర్టు దాన్ని కొట్టివేసింది. ఇక మిగిలిన ఉపాయాల్లో ఒకటి, డ్రైవర్లకు దూరం నుంచే కనబడేలా రోడ్ల పక్కన పొదలు నరకడం. అయితే నరికిన చోట లేత చిగుళ్లు వస్తాయి, వాటి కోసం మూస్ మళ్లీ రోడ్డు పక్కకే చేరుతుంది. అందుకే ఆ పని ఎప్పటికప్పుడు తిరిగి చేస్తూనే ఉండాలి.