పోల్క్‌కు నాలుగో సమాధా?

అమెరికా పదకొండో అధ్యక్షుడు జేమ్స్ కె. పోల్క్ సమాధిని టెన్నెసీ రాష్ట్ర రాజధాని నాష్‌విల్ నుంచి అదే రాష్ట్రంలోని కొలంబియాకు తరలించాలన్న మాట లేచినప్పుడల్లా రెండు పక్షాలూ చూపించేది ఒకే కాగితం, ఆయన వీలునామా. తన ఇంటి ఆవరణలోనే తనను పాతిపెట్టాలని ఆయన కోరుకున్నాడు కాబట్టి ఆయన ఉన్న ఇళ్లలో ఇప్పటికీ మిగిలిన కొలంబియా ఇంటికి తీసుకెళ్తామంటారు ఆ ఊరున్న మౌరీ కౌంటీ వాళ్లు. ఆయన రాసింది నాష్‌విల్ ఇంటి గురించి, మీ ఊరి ఇంటి గురించి కాదంటారు అవతలివాళ్లు. ఆ వీలునామాలోని అసలు ఏర్పాటును నూట ముప్పై ఏళ్ల కిందటే కోర్టు కొట్టేసిందన్న సంగతి మాత్రం ఈ వాదోపవాదాల్లో వెనక్కి పోతోంది. తగాదాకు మూలం అక్కడుంది.

పోల్క్ హయాంలో జరిగిన మెక్సికో యుద్ధం, అమెరికాకు దక్కిన కాలిఫోర్నియా, ఆరెగాన్ సంగతులు అందరికీ తెలిసినవే. పదవి దిగిన మూడు నెలలకే, 1849 జూన్ 15న, పోల్క్ నాష్‌విల్‌లో కలరాతో చనిపోయాడు. అప్పటికి 53 ఏళ్లు. అంటువ్యాధి కాలం కావడంతో హడావిడిగా సిటీ సెమెటరీలో పాతిపెట్టారు. ఏడాది తిరక్కుండానే, 1850లో, ఆయన కొనుక్కున్న ‘పోల్క్ ప్లేస్’ అనే ఇంటి తోటలోకి మార్చారు. ఆ సమాధి నమూనా గీసింది టెన్నెసీ శాసనసభ కొలువుండే కాపిటల్ భవనాన్ని రూపొందించిన విలియం స్ట్రిక్లండే.

ఇక ఆ వీలునామా. పోల్క్ దంపతులకు పిల్లలు లేరు. తామిద్దరి తర్వాత ఇల్లు టెన్నెసీ రాష్ట్రం ధర్మకర్తృత్వంలో ఉండాలని, పోల్క్ వంశంలో తగినవాణ్ని గవర్నర్ ఎంపిక చేసి అందులో ఉంచాలని, సమాధులు ఆ ఆవరణలోనే ఉండాలని ఆయన రాశాడు. వారసులు లేని మనిషి రాష్ట్రాన్నే వారసుణ్ని చేసుకున్నాడన్నమాట.

సారా పోల్క్ 42 ఏళ్లు ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉంది. భర్త సమాధి ఆమె కళ్ల ముందే ఉండేది. కొత్త సంవత్సరం రోజున శాసనసభ్యులు వచ్చి ఆమెను పలకరించి వెళ్లడం ఆనవాయితీ. అంతర్యుద్ధంలో నాష్‌విల్ చేతులు మారినా రెండు సైన్యాల అధికారులూ ఆ గడపను గౌరవించారు. సమాధి తరలింపు చర్చలో ఆమె పేరు అరుదుగా వినిపిస్తుంది గానీ, తరలిస్తే పోల్క్‌తో పాటు ఆమె కూడా కదలాల్సిందే.

1891లో ఆమె కన్నుమూసింది. భర్త పక్కనే పాతిపెట్టారు. ఆ వెంటనే బంధువులు కోర్టుకెక్కారు. ఒక ఆస్తిని తరతరాలకూ ఒకే వంశానికి కట్టిపడేసే ఏర్పాటు చెల్లదని, ఆస్తులు, ట్రస్టుల తగాదాలు చూసే చాన్సరీ కోర్టు తేల్చింది. ఇల్లు దాయాదుల పాలైంది, తర్వాత అమ్ముడుపోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కూల్చేశారు. ఇప్పుడు అక్కడ ఒకప్పటి ఇంటిని గుర్తుచేసే ఫలకం ఉంది, అంతే. వీలునామా చట్టం ముందు నిలవకపోవచ్చు. కానీ ఇంటిని కాపాడాలన్న సంకల్పమే ఉంటే కొని నిలబెట్టుకోవడానికి రాష్ట్రానికి ఎవరు అడ్డొచ్చారు? నమ్మి అప్పగించిన ఇంటిని పోనిచ్చి, రాష్ట్రం సమాధిని మాత్రం తెచ్చుకుంది. 1893లో ఇద్దరి అవశేషాలనూ, స్ట్రిక్లండ్ కట్టడంతో సహా, కాపిటల్ గుట్ట మీదికి మార్చారు.

అక్కడికి వెళ్తే కనిపించేది చిన్న గుడి మండపం లాంటి నిర్మాణం. నాలుగు స్తంభాలు, పైన చదునైన కప్పు, మధ్యలో రాతి దిమ్మె. దేశపు సరిహద్దులను నిర్ణయించి, స్థిరపరచి, విస్తరించాడని దాని మీద చెక్కి ఉంది. సరిహద్దుల గురించి అంత ధీమాగా చెప్పే రాయి ఒక ఇంటి హద్దు దాటి ఇక్కడికి రావాల్సి వచ్చింది. ఆ సమాధిని గీసిన స్ట్రిక్లండ్ కూడా దగ్గర్లోనే ఉన్నాడు, తాను కట్టిన కాపిటల్ గోడలోనే ఆయన్ను సమాధి చేశారు.

కొలంబియా వాదన తేలికగా తీసిపారేసేది కాదు. మౌరీ కౌంటీ కేంద్రమైన ఆ ఊరు నాష్‌విల్‌కు దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1816లో తండ్రి శామ్యూల్ పోల్క్ కట్టించిన ఇటుక ఇల్లు అక్కడ ఇప్పుడు మ్యూజియం. వైట్‌హౌస్‌ను పక్కనపెడితే పోల్క్ నివసించిన ఇళ్లలో మిగిలింది అదొక్కటే. గుట్ట మీద ఓ మూల ఉన్న సమాధిని చూసేవాళ్లే లేరని, ఇక్కడైతే ఆదరణ దక్కుతుందని తీర్మానం తెచ్చిన సెనేటర్ జోయీ హెన్స్లీ పక్షం చెప్పింది. కానీ అది తండ్రి ఇల్లు. పోల్క్ అందులో ఉన్నది పెళ్లికి ముందు కొన్నేళ్లే. 1824లో పెళ్లయ్యాక దంపతులు అదే ఊళ్లో వేరు కాపురం పెట్టారు. చనిపోయాక ఎక్కడ ఉండాలో రాసుకున్నప్పుడు ఆయన ఎంచుకున్నది నాష్‌విల్‌ను. ఆ కోరికలో ఇల్లు పోయినా ఊరు మిగిలింది. పోల్క్ ప్లేస్ నుంచి కాపిటల్ గుట్టకు నడిచి వెళ్లేంత దూరమే.

2017లో రాష్ట్ర సెనేట్ తరలింపుకు ఒప్పుకుంది. 2018లో ప్రతినిధుల సభ ఒకసారి ఓడించి, మళ్లీ చేపట్టి ఆమోదించింది. అప్పటి గవర్నర్ బిల్ హాస్లమ్ సంతకం పెట్టకుండానే దాన్ని అమల్లోకి రానిచ్చారు. అదే 2018 సమావేశాల్లో ఆ సభ అదే రాష్ట్రంలోని మెంఫిస్ నగరానికి ఇవ్వాల్సిన 2,50,000 డాలర్లకు కోత పెట్టింది. అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది (కాన్ఫెడరేట్) పక్షపు జనరల్ నేథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్ట్ విగ్రహాన్ని పార్కు నుంచి తొలగించడమే నగరం చేసిన నేరం. చరిత్ర కట్టడాలను కదపకూడదని ఒక ఊరిని శిక్షించిన చేతులే, ఒక అధ్యక్షుడి సమాధిని కదపడానికి పైకి లేచాయి. ఫారెస్ట్ అవశేషాలు చివరికి 2021లో చేరింది కూడా కొలంబియాకే, అక్కడి కాన్ఫెడరేట్ మ్యూజియం ఆవరణకు.

సభ తీర్మానంతోనే పోల్క్ సమాధి కదలదు. కాపిటల్ ఆవరణ బాగోగులు చూసే కాపిటల్ కమిషన్, చారిత్రక కట్టడాల సంగతి చూసే టెన్నెసీ హిస్టారికల్ కమిషన్, ఆ తర్వాత కోర్టు, ఇన్ని అనుమతులు కావాలి. 2018 నవంబరులో కాపిటల్ కమిషన్ రెండు పక్షాల వాదనలూ విన్నది. తరలింపుకు తాము వ్యతిరేకమని హిస్టారికల్ కమిషన్ అక్కడ మరోసారి చెప్పింది. ఓటింగ్‌ను నిరవధికంగా వాయిదా వేశారు.