డెనిలిక్విన్ గొడవ 2012లో మొదలవలేదు

ఆస్ట్రేలియాలో ముర్రే-డార్లింగ్ నదుల నీళ్ల పంచాయితీ మళ్లీ రాజుకుంది. నదీ పరీవాహక ప్రణాళికను 2026లో సమీక్షించాలని చట్టంలోనే ఉంది. నదికి వదలడానికి రైతుల నీటి హక్కులను ప్రభుత్వం ఇంకా ఎంత కొంటుందన్న మాట రాగానే డెనిలిక్విన్ పేరు బయటికొస్తుంది. న్యూ సౌత్ వేల్స్ దక్షిణాన, ఎడ్వర్డ్ నది ఒడ్డున ఉన్న వరి ఊరు అది. జనాభా ఏడు వేలు.

గొడవ 2012 నవంబర్‌లో మొదలైందని ఎక్కువమంది రాస్తారు. అప్పుడే ప్రణాళికకు చట్టబద్ధత వచ్చింది. ఏటా 2,750 గిగాలీటర్ల నీటిని, అంటే మన లెక్కలో సుమారు 97 టీఎంసీలను, సాగు నుంచి తగ్గించి నదికి వదలాలన్నారు. కానీ ఊరి తలరాత మారింది 1994లో. కేంద్రం, రాష్ట్రాలు కలిసి భూమి నుంచి నీటి హక్కును విడదీయాలని ఆ ఏడాది ఒప్పందం చేసుకున్నాయి. న్యూ సౌత్ వేల్స్ 2000లో అందుకు చట్టం చేసి, 2004 నుంచి అమల్లో పెట్టింది.

కృష్ణా డెల్టాలో ఎకరం అమ్మితే కాలువ నీళ్లూ ఆ ఎకరంతోనే పోతాయి. 1930లలో ముల్వాలా కాలువ తవ్వడం మొదలుపెట్టిన నాటి నుంచి డెనిలిక్విన్‌లోనూ అదే పద్ధతి. విడదీశాక నీళ్లు విడిగా ఆస్తి అయ్యాయి. పొలం ఉంచుకుని నీళ్లు అమ్ముకోవచ్చు, నీళ్ల మీద బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. చాలామంది రైతులు దీన్ని మంచికే అనుకున్నారు. తాము కష్టపడి నిలబెట్టుకున్న నీటికి విలువ కట్టారని సంతోషించారు కూడా.

తర్వాత కరువు ముదిరింది. అక్కడి వరి రైతుల్లో ఎక్కువమందివి సాధారణ హక్కులు, అంటే ముందు వరుస హక్కుదారులకు ఇచ్చాక మిగిలితేనే వచ్చే నీళ్లు. 2007-08లో వాళ్లకు వచ్చింది సున్నా. 2001లో దేశంలో 16 లక్షల టన్నులకు పైగా పండిన వరి, 2008లో 20 వేల టన్నులు కూడా రాలేదు. దక్షిణార్ధగోళంలోనే పెద్దదని చెప్పుకునే డెనిలిక్విన్ సన్‌రైస్ బియ్యం మిల్లు మూతపడింది, మళ్లీ తెరుచుకునేసరికి 2011 వచ్చింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే ప్రభుత్వం నీటి హక్కులు కొనడం మొదలుపెట్టింది. ఇష్టపడి అమ్మేవాళ్ల దగ్గరే కొంటున్నామని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఏళ్ల తరబడి పంట లేక, బ్యాంకు వాయిదాలు మీద పడ్డ మనిషి అమ్మడాన్ని ఇష్టం అనగలమా?

అమ్మినవాళ్లకు డబ్బు వచ్చింది. ఇబ్బంది మిగిలినవాళ్లకు. 1995లో కాలువల వ్యవస్థ ప్రభుత్వం చేతిలోంచి రైతులే వాటాదారులైన కంపెనీకి వచ్చింది. కాలువల పొడవు 2,500 కిలోమీటర్లకు పైగానే. ఒక పాయ మీద పది మంది రైతులుంటే నలుగురు హక్కులు అమ్మేసినా పూడిక తీయాల్సిందే, తూములు బాగుచేయాల్సిందే. కాలువలో భూమిలోకి ఇంకిపోయే నీరూ తగ్గదు. ఆ ఖర్చంతా ఆరుగురి నెత్తిన పడుతుంది. ఆ ఆరుగురిలో మరొకరు అమ్మకానికి పెడతారు. ధాన్యం తగ్గితే మిల్లులో షిఫ్టు పోతుంది, లారీలకు కిరాయి ఉండదు, ట్రాక్టర్ల షాపుకు బేరాలుండవు.

బజారుకెక్కిన నీళ్లు డబ్బున్న వైపుకు పారాయి. వరి రైతు నీళ్లు లేని ఏడాది పొలం బీడు పెట్టి ఊరుకోగలడు. నది దిగువన మిల్డురా వైపు బాదం తోటలకు ఏటా నీళ్లు పడాల్సిందే, ఎంత ధరైనా పెట్టాల్సిందే. 2018-19లో డెనిలిక్విన్ వాటా మళ్లీ సున్నా అయినప్పుడు ముర్రే నది మాత్రం కింది అవసరాలకు ఒడ్డుల దాకా పారింది. బార్మా దగ్గర నది ఇరుకు కాబట్టి అడవిలోకీ పొర్లింది. ఎండిన కాలువ గట్టున నిలబడి ఆ నదిని చూసినవాళ్ల కోపమే 2019 డిసెంబర్‌లో కాన్‌బెర్రా పార్లమెంటు దాకా వెళ్లింది.

నది బాధా నిజమే. డార్లింగ్ నది మీద మెనిండీ దగ్గర 2018-19 వేసవిలోనూ, 2023 మార్చిలోనూ చేపలు లక్షల్లో చచ్చి తేలాయి. సముద్రంలో కలిసేచోట ఇసుక పూడుకుని డ్రెడ్జర్లు పెట్టాల్సి వచ్చింది. ఆదివాసీల చేతిలో ఉన్న నీటి హక్కులు ఒక శాతం కూడా లేవు.

కొనుగోళ్లకు 2015లో 1,500 గిగాలీటర్ల పరిమితి పెట్టారు. 2023 చివర్లో అదే పార్లమెంటు దాన్ని ఎత్తేసింది. నదికి అదనంగా కావాలన్న 450 గిగాలీటర్లను స్థానికులకు నష్టం లేకుండానే తెస్తామని మొదట చెప్పారు, ఇప్పుడు వాటికోసమూ కొనవచ్చు. దెబ్బతినే ఊళ్లకు 30 కోట్ల డాలర్ల నిధి ప్రకటించారు. కాలువ వదిలిపోయే రైతు కంపెనీకి కట్టే రుసుము ఏడాది ఛార్జీకి పది రెట్లు మించకూడదన్న నిబంధన ఉంది. పదేళ్లు దాటాక ఆ కాలువ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో 2026 సమీక్షలో తేల్చాలి. 2008లో అమ్మినవాళ్ల విషయంలో ఆ పదేళ్లు ఎప్పుడో అయిపోయాయి.