మొదటి ముక్క వేయకముందు

కడప,
వేసవి సెలవులు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఎండ దిగేదాకా ఇంటిపట్టునే ఉండి పేకముక్కలు ముందేసుకుంటున్నారనీ, బ్రిడ్జి నేర్చుకోవాలని ఉందనీ తెలిసి సంతోషపడ్డాను. మన వైపు పేకాట అంటే చాలు పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారు. డబ్బు పెట్టి ఆడే ఆటలు ఇళ్ళను ఎట్లా గుల్ల చేస్తాయో వాళ్ళకు తెలుసు, ఆ భయంలో న్యాయముంది. బ్రిడ్జికి పైసా అక్కర్లేదు. పోటీల్లో ఒకసారి పంచిన ముక్కలనే అన్ని బల్లల దగ్గరా ఆడిస్తారు. ఎవరి ముక్కలు వాళ్ళు నాలుగు అరలున్న పలకలో పెట్టి తర్వాతి బల్లకు పంపుతారు. మీకొచ్చిన చెడ్డ ముక్కలే అక్కడ మీ దిక్కున కూర్చున్నవాళ్ళకూ వస్తాయి, వాటితో ఎవరు ఎక్కువ రాబట్టారన్నదే లెక్క. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో 60 ఏళ్ళ ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ళ శివనాథ్ సర్కార్ పురుషుల జంటల్లో మన దేశానికి బంగారు పతకం తెచ్చింది ఈ ఆటలోనే. ఇంట్లో ఎవరైనా అడ్డుచెబితే ఈ సంగతి చెప్పండి.

మీకు రమ్మీ వచ్చు. ఇక్కడా చేతికి 13 ముక్కలే. కానీ కట్టలోంచి తీసుకోవడం లేదు, కొట్టేయడం లేదు. జోకర్లు పక్కన పెట్టి 52 ముక్కలూ నలుగురికీ పంచేస్తారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు మీ జోడీ. ఒకరు ఒక ముక్క వేస్తే మిగతా ముగ్గురూ అదే రంగు (ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరులలో అదే జాతి) వేయాలి, పెద్దది వేసినవాళ్ళకు ఆ నాలుగు ముక్కలూ, అదే ఒక ట్రిక్కు. ఆ రంగు లేనివాళ్ళు ఏ ముక్కయినా వేయొచ్చు. తురుపు, అంటే బిడ్డింగులో తేలిన పైచేయి రంగు, వేస్తే గెలుస్తారు, ఇంకెవరూ అంతకన్నా పెద్ద తురుపు వేయకపోతే. అంతా కలిపి 13 ట్రిక్కులు. ఆట తీరు అంతే. కష్టమంతా అంతకుముందు జరిగే బిడ్డింగులోనూ, మొదటి ముక్క పడ్డాక ఆగి ఆలోచించే ఆ ఒక్క నిమిషంలోనూ ఉంది. ఈ ఉత్తరం ఆ రెండింటి గురించే.

బిడ్డింగు అంటే వేలంపాట అనుకుంటారు. వేలమే, కానీ మీ జోడీతో మాట్లాడుకోవడం కూడా అదే. ఆ భాషలో ఉన్నవి 38 మాటలే. ఒకటి నుంచి ఏడు వరకు అంతస్తులు, ఒక్కో అంతస్తులో కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు, నో ట్రంప్, ఇదే వరసలో. అవి 35. పాస్, డబుల్ (ఎదుటివాళ్ళు నెగ్గలేరని పందెం పెంచడం), రీడబుల్ (దాన్ని తిరిగి పెంచడం) కలిపితే 38. బిడ్‌లో చెప్పిన అంకెకు 6 కలిపితే మీరు గెలుస్తానన్న ట్రిక్కులు. మూడు నో ట్రంప్ అంటే తురుపు లేకుండా 9 ట్రిక్కులు. ఈ మాటలు తప్ప కనుసైగ, నిట్టూర్పు, విసురుగా ముక్క వేయడం, ఏవీ కూడవు. అది మోసం కిందికే వస్తుంది, మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోకండి.

చేయి బలం తూచే పద్ధతి తేలిక. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. కట్టలో మొత్తం 40, సగటున మనిషికి 10. కనీసం 12 లేదా 13 ఉంటే ఆట తెరవండి, అంటే మొదటి బిడ్ చెప్పండి. ఇస్పేటుగానీ ఆఠీనుగానీ కనీసం 5 ముక్కలుంటే ఆ రంగుతో, లేకపోతే డైమను, కళావరులలో పొడుగైనదానితో. 15 నుంచి 17 ఉండి, ఏ రంగులోనూ ఒంటి ముక్క లేకుండా సమంగా ఉంటే ఒక నో ట్రంప్. ఇద్దరి చేతుల్లో కలిపి 25 ఉంటే మూడు నో ట్రంప్ గానీ, నాలుగు ఇస్పేట్లు లేదా ఆఠీన్లు గానీ ఎక్కువసార్లు నెగ్గుతాయి. ఐదు కళావర్లకో డైమన్లకో 11 ట్రిక్కులు కావాలి, వాటికి 29 దాకా ఉంటే మేలు. ఆరో అంతస్తుకు 33, ఏడుకు 37.

పైకి వెళ్ళడం ఎందుకంటారా? ఇప్పటి ఆటకు ముందున్న ఆక్షన్ బ్రిడ్జిలో బిడ్ చేయకపోయినా అదనంగా వచ్చిన ట్రిక్కులు గేములో, అంటే బోనస్‌కు కావాల్సిన పాయింట్లలో, కలిసేవి. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికన్ ఓడ ప్రయాణంలో ఉండగా, చెప్పి గెలిచినదే గేముకు చెల్లే పద్ధతికి రూపమిచ్చాడు. నో ట్రంప్‌లో మొదటి ట్రిక్కుకు 40, ఆపైన 30 చొప్పున. మీరు రెండు నో ట్రంప్ చెప్పి 9 ట్రిక్కులు గెలిస్తే 100, పైన 50, మొత్తం 150. అవే 9 ట్రిక్కులు మూడు నో ట్రంప్ చెప్పి గెలిస్తే 100కు మీద గేము బోనస్ 300, మొత్తం 400. వల్నరబుల్ (బోనసూ, జరిమానా రెండూ పెరిగే వంతు) అయితే 600. ఒక ట్రిక్కు తగ్గితే పోయేది 50, వల్నరబుల్ అయితే 100. కాబట్టి 25 ఉన్నాయని తెలిశాక రెండు దగ్గర ఆగడం పిరికితనం, 22తో మూడుకు ఎగరడం దుడుకుతనం.

ఇప్పుడొక పంపకం చూద్దాం. ముక్కలు బయటికి తీసి బల్లమీద పరచి చదవండి. మీరు దక్షిణం. ఇస్పేటులో ఆసు, రాణి, 5. ఆఠీనులో ఆసు, 8, 3. డైమనులో రాణి, జాకీ, 10, 4. కళావరులో రాజు, 6, 2. లెక్కపెట్టండి: 16, సమంగా ఉంది. ఒక నో ట్రంప్.

ఉత్తరాన మీ జోడీకి ఇస్పేటులో రాజు, 7, 2. ఆఠీనులో 7, 4. డైమనులో రాజు, 9, 8, 6, 2. కళావరులో ఆసు, 9, 4. మొత్తం 10. కొత్తవాళ్ళు ఇక్కడ ఐదు డైమన్లు చూసి ముచ్చటపడి డైమన్లు చెబుతారు. అక్కర్లేదు. జోడీ ఇట్లా లెక్క వేయాలి: అవతల 15 తక్కువ కాదు, 17 ఎక్కువ కాదు. నా 10 కలిపితే 25 నుంచి 27. గేము ఉంది, 33 ఎట్లా చూసినా లేదు. కాబట్టి నేరుగా మూడు నో ట్రంప్. మీరు పాస్. మీ దగ్గర 17 ఉన్నా పాసే. మీరు 15–17 అని ఒకసారి చెప్పేశారు, దాన్ని లెక్కలో వేసుకునే జోడీ నిర్ణయం చెప్పింది. ‘నాకు ఇంకొంచెం ఎక్కువుంది’ అని మళ్ళీ నోరు విప్పితే ఒకే ముక్కను రెండుసార్లు లెక్కపెట్టినట్టు. బిడ్డింగులో నేను చూసే తప్పుల్లో ఇదే ఎక్కువ.

పడమర ఆఠీన్ 5 వేసింది. జోడీ ముక్కలు బల్లమీద పరిచింది. అదే డమ్మీ, ఆ ముక్కలూ మీరే ఆడిస్తారు. ఇక్కడ చేతులు ఒళ్ళో పెట్టుకోండి. డమ్మీ నుంచి కూడా ముక్క అడగొద్దు. ముందు లెక్క.

ఖాయంగా వచ్చేవి: ఇస్పేటులో 3, ఆఠీనులో 1, కళావరులో 2. మొత్తం 6. ఇంకో 3 కావాలి. అవి డైమన్లలో ఉన్నాయి. ఎదుటివాళ్ళ ఆసును బయటికి లాగితే 4 వస్తాయి. అంటే ఒక్కసారి వాళ్ళకు చేయి ఇవ్వక తప్పదు. ఇచ్చినప్పుడు ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

మీ ఇద్దరి దగ్గరా ఆఠీన్లు 5, అవతల 8. పడమర దగ్గర 5, తూర్పు దగ్గర 3 ఉన్నాయనుకోండి. మొదటి ట్రిక్కుకు తూర్పు రాణి వేసింది. ఆసు చేతిలో మెరుస్తోంది కదా అని వేసేశారో, తర్వాత డైమన్ ఆసుతో తూర్పు గెలిచి ఇంకో ఆఠీన్ వేస్తుంది, పడమర నాలుగు ఆఠీన్లూ ఊడ్చుకుంటుంది. నాలుగూ ఒకటీ ఐదు. మీకు 8 మిగిలాయి, ఓడిపోయారు.

ఆసు వేయకండి. 3 వేసి వదిలేయండి. తూర్పు ఆఠీన్ 10 వేస్తే మళ్ళీ వదలండి. మూడోసారి ఆసుతో గెలవండి. ఇప్పుడు తూర్పు దగ్గర ఆఠీన్లు అయిపోయాయి. పోరుమామిళ్ళ చెరువు ఎంత నిండినా తూము మూస్తే కింది మడికి నీళ్ళు పారవు. పడమర దగ్గర రెండు గెలిచే ఆఠీన్లున్నాయి, వాటి దగ్గరికి పోయే దారి మూసేశారు. డైమన్లు ఆడండి. తూర్పు ఆసుతో గెలిస్తే ఏ రంగు తిప్పినా మీదే. పోయినవి మూడే, మీకు 10.

డైమన్ ఆసు పడమర దగ్గరుంటే? ఓడిపోతారు. మొదటి ట్రిక్కులోనే ఆసు వేసినా ఓడేవాళ్ళే, కాబట్టి ఆగినందువల్ల పోయిందేమీ లేదు. ఆఠీన్లు నాలుగూ నాలుగుగా ఉంటే రెండుసార్లు ఆగినా మూడు ఆఠీన్లు, ఒక డైమనే పోతాయి, 9 వస్తాయి. ఎన్నిసార్లు ఆగాలో గుర్తుకు ఒక సూత్రం: మీ ఇద్దరి దగ్గరా ఆ రంగులో ఎన్ని ముక్కలున్నాయో 7లోంచి తీసేయండి. ఇక్కడ 7లోంచి 5 పోతే 2. అయితే ఎదుటివాళ్ళు తిప్పడానికి మీకు ఇంకా బలహీనమైన రంగు మరొకటి ఉంటే ఆగడం ప్రమాదం. ఈ పంపకంలో ఇస్పేటు, కళావరు రెండూ గట్టిగా ఉన్నాయి కాబట్టి ధైర్యంగా ఆగాం.

తురుపున్న ఆటలో లెక్క తిరగేసి పెట్టాలి. గెలిచేవి కాదు, పోయేవి. మీకు ఇస్పేటులో రాజు, రాణి, జాకీ, 9, 5. ఆఠీనులో ఆసు, 7, 3. డైమనులో ఆసు, 8, 4. కళావరులో 7, 2. మొత్తం 14, ఒక ఇస్పేటు అన్నారు. జోడీకి ఇస్పేటులో 10, 8, 6. ఆఠీన్ 5 ఒక్కటే. డైమనులో రాజు, 7, 5, 3. కళావరులో రాజు, రాణి, 9, 4, 3. బొమ్మల బలం 8. మీ రంగుకు మూడు ముక్కల తోడుంది కాబట్టి ఆ ఒంటి ఆఠీనుకు ఇంకో 3 కలుపుకుని 11. 6–9 అయితే రెండు ఇస్పేట్లు, 10–12 అయితే మూడు. జోడీ మూడు అంది, మీరు నాలుగు.

పడమర డైమన్ రాణి వేసింది. పోయేవి: తురుపు ఆసు ఒకటి, ఆఠీన్లు రెండు, డైమను ఒకటి, కళావరు ఒకటి. ఐదు. మూడే పోనివ్వగలరు. ఆ రెండు ఆఠీన్లనూ డమ్మీ తురుపులతో కొట్టాలి. ‘ముందు తురుపులన్నీ లాగేయాలి’ అని నేర్పుతారే, ఆ మాట గుడ్డిగా పట్టుకుంటే ఇక్కడ మునుగుతారు. మీరొక తురుపు వేస్తే, వాళ్ళు ఆసుతో గెలిచి ఇంకో తురుపు తిప్పుతారు. డమ్మీలో మూడింట్లో రెండు పోయి ఒకటే మిగులుతుంది. కొట్టాల్సినవి రెండు!

వరస ఇదీ: మొదటి ట్రిక్కు డమ్మీలోని డైమన్ రాజుతో గెలవండి, మీ ఆసును దాచండి. ఆఠీన్ 5 నుంచి మీ ఆసుకు రండి. ఆఠీన్ 3ను ఇస్పేట్ 6తో కొట్టండి. డైమన్ ఆసుతో చేతికి రండి. ఆఠీన్ 7ను ఇస్పేట్ 8తో కొట్టండి. ఇప్పుడు ఇస్పేట్ 10 వేసి తురుపులు లాగడం మొదలుపెట్టండి. మొదటి ట్రిక్కును చేతి ఆసుతో గెలిచుంటే, రెండో ఆఠీను కొట్టడానికి చేతికొచ్చే దారి ఉండేది కాదు. తొలి ముక్క దగ్గరే ఆట తేలిపోయింది చూశారా?

కొన్ని అంకెలు నోటికి రావాలి. అవతల ఒక రంగులో 5 ముక్కలుంటే 3–2గా పడే అవకాశం నూటికి 68. 4 ఉంటే 3–1గా 50, 2–2గా 40. 6 ఉంటే 3–3గా 36 మాత్రమే, 4–2గా 48. అవతల 4గానీ 6గానీ ఉంటే సమంగా చీలుతుందని ఆశపడొద్దు. ఆసు, రాణి ఒకవైపు పెట్టుకుని రెండోవైపు నుంచి ఆడి రాణి వేసి చూడటం ఫినెస్, దానికి 50. రెండు దారులూ ఉంటే ఏదో ఒకటి ఎంచుకోకుండా రెండూ వాడాలి. ముందు ఖాయమైన ముక్కలతో 3–3 పడిందేమో చూడండి. పడకపోతేనే ఫినెస్. 36కు, మిగిలిన 64లో సగం కలిపితే 68. ఫినెస్ ముందు చేసి అది తప్పితే చేయి పోతుంది, రెండోది చూసే అవకాశం రాకపోవచ్చు.

ఎదురాట, అంటే బిడ్ గెలిచినవాళ్ళను ఓడించే ఆట, గురించి ఇంకో ఉత్తరంలో రాస్తాను. ఒక్కటి మాత్రం ఇప్పుడే పట్టుకోండి. నో ట్రంప్ మీద పొడుగు రంగులో పైనుంచి నాలుగో ముక్క వేయడం ఆచారం. జోడీ ఆ అంకెను 11లోంచి తీసేస్తే, మిగతా మూడు చేతుల్లో దానికన్నా పెద్దవి ఎన్నో తెలుస్తుంది. మొదటి పంపకంలో 11లోంచి 5 పోతే 6. తూర్పుకు డమ్మీలో 7 కనిపిస్తోంది, తన చేతిలో రాణి, 10, 6 ఉన్నాయి. నాలుగయ్యాయి. అంటే మీ చేతిలో పెద్దవి రెండే అని మొదటి ముక్కతోనే తూర్పుకు తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ వంతు. ఇస్పేటులో ఆసు, రాజు, 9, 6, 2. ఆఠీనులో 8, 4. డైమనులో ఆసు, జాకీ, 7. కళావరులో రాణి, 10, 3. మీరు ఒక ఇస్పేటు అన్నారు, జోడీ రెండు ఇస్పేట్లు అంది, ఎదుటివాళ్ళు నోరెత్తలేదు. ఇప్పుడేమంటారు? జవాబు ఒక్కటే రాసి ఊరుకోకండి, లెక్క కూడా రాయండి.

ఇట్లు,
మీ జేజినాయన